కీల్ రేవులో ఒక పగలు

క్రూయిజ్ ఓడ ఎక్కినవాళ్ళకు దేశాలు పూటల లెక్కన దొరుకుతాయి. పొద్దున ఎనిమిదికి రేవు, సాయంత్రం ఆరుకు మళ్ళీ సముద్రం. మధ్యలో ఉన్న ఆ పది గంటలు ఏం చేసుకోవాలో ఓడవాళ్ళే కాగితం అచ్చేసి గది తలుపు సందులోంచి తోస్తారు. బస్సు వాళ్ళదే, గైడు వాళ్ళదే, మధ్యాహ్నం తిండి వాళ్ళదే. ఏ చర్చి ముందు ఫొటో దిగాలో, ఏ దుకాణంలో మిఠాయి కొనాలో కూడా వాళ్ళే ఖాయం చేస్తారు. మనిషికింత అని డబ్బు మాత్రం మనం కట్టుకోవాలి. ఐదుగురున్న ఇంటికి ఒక్క రేవు టూరుకయ్యే ఖర్చుతో మా బస్తీలో ఒక అఖీఖా చేసి నలుగురికీ భోజనం పెట్టొచ్చు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా అసలు చిక్కు ఇంకోటుంది. ఒక ఊళ్ళో ఒక్క పగలే దొరికినప్పుడు ఎవరి కథ చూస్తాం? ఎవరు చూపిస్తే చూస్తాం? చార్మినార్ దగ్గర టూరు బస్సుల్లోంచి దిగేవాళ్ళను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాం. గాజుల దుకాణాలు, బిర్యానీ, ముత్యాలు. బస్సెక్కి పోతారు. మా గల్లీలో ఎవరు పుట్టారో, ఎవరు జైలుకు పోయారో ఆ బస్సుకు తెలియదు. అట్లాంటి చూపుతోనే మేం కూడా ఇంకో ఊరి మీదికి పోవాలంటే మనసొప్పలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇదంతా 'మేం' అనే రాస్తున్నాం. ఉర్దూలో 'హమ్' అనడం మాకు అలవాటు, తెలుగులోకి వచ్చినా అది పోదు. ఇంకో కారణం కూడా ఉంది. ఒక్క మనిషిగా మాట్లాడే వీలు మాకెప్పుడు దొరికింది? ఎక్కడో ఎవడో ఏదో చేస్తే 'మీవాళ్ళు' అంటూ అడిగేది మమ్మల్నే కదా. అట్లా అడిగీ అడిగీ మమ్మల్ని బహువచనం చేసింది మీరే. కాబట్టి మేం అనే అంటాం.

మా బామ్మర్ది కోపెన్‌హాగన్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. 2023 మేలో వాళ్ళమ్మనీ మమ్మల్నీ పిలిపించుకుని బాల్టిక్ సముద్రం మీద తిరిగే ఓడకు టిక్కెట్లు కొన్నాడు. మా అత్తగారిని మేమందరం అమ్మీ అనే పిలుస్తాం. ఆమె హజ్‌కు తప్ప ఇంకెక్కడికీ పాస్‌పోర్టు వాడలేదు. వీసా కాగితాల సంగతి రాస్తే అదో పెద్ద కథ అవుతుంది. ఇంటిపేరు గడిలో ఏం రాయాలన్న దగ్గరే మా నాలుగు దరఖాస్తులూ నాలుగు రకాలుగా తయారయ్యాయి. ఒకప్పుడు ఈ బాల్టిక్ ఓడలకు సెయింట్ పీటర్స్‌బర్గే పెద్ద మజిలీ. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగాక ఓడలు అటు పోవడం మానేశాయి. మాకు వచ్చిన మజిలీల్లో జర్మనీది ఒక్కటే, కీల్.

కీల్ అనగానే మాకు గుర్తొచ్చింది వేరు, ఓడవాళ్ళ కాగితంలో ఉన్నది వేరు. కాగితంలో హాంబుర్గ్ ఉంది, లూబెక్ ఉంది, కీల్ కాలువ ఉంది, ఊరవతల లాబో అనే చోట జలాంతర్గామి మ్యూజియం ఉంది. సొంతంగా పోదలుచుకున్నా ఇవన్నీ అందేవే. కీల్ పెద్ద స్టేషన్ నుంచి హాంబుర్గ్‌కు రైల్లో గంటంబావు, లూబెక్‌కు గంట దాటి కొంచెం. ఆ రాష్ట్రమంతా తిరిగే రోజు టిక్కెట్టు ఒకటుంది. ఐదుగురి దాకా ఒకే టిక్కెట్టు మీద పోవచ్చు, హాంబుర్గ్‌లో కూడా చెల్లుతుంది. శని ఆదివారాలు కాకపోతే పొద్దున తొమ్మిది తర్వాతే అది చెల్లుబాటు. సరిగ్గా మా ఇంటి లెక్కకు కుట్టించినట్టుంది. ఆదివారమైతే జర్మనీలో దుకాణాలు మూసేస్తారు, కొనుగోళ్ళ ఆశతో దిగేవాళ్ళు వారం చూసుకోవాలి.

ఇంట్లో ఎన్నిక జరిగింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతికి పోతుంది, ఆమెకు హాంబుర్గ్‌లోని బొమ్మ రైళ్ళ ప్రపంచం చూడాలని. బామ్మర్దిది కూడా అదే ఓటు. మా బేగం లూబెక్ అంది. 1987 నుంచీ యునెస్కో జాబితాలో ఉన్న పాత పట్నం, ఎర్రటి ఇటుక గోపురాల కోట వాకిలి, బాదంపప్పు, చక్కెర కలిపి చేసే మార్జిపాన్ మిఠాయి. మన హైదరాబాద్ బాదం కీ జాలీకి అది దగ్గరి చుట్టం, చూసి రావాల్సిందే అని వాదించింది. అమ్మీ "ఎక్కడికైనా సరే బాబా, అక్కడ బాత్‌రూం ఉండాలె" అంది. ఇది చిన్న విషయం కాదు. జర్మనీ స్టేషన్లలో చాలాచోట్ల దానికి కూడా చిల్లర నాణేలు కావాలి.

మేం లాబో అన్నాం. జలాంతర్గాముల మీద మోజుతో కాదు. 1943 ఫిబ్రవరి 9న కీల్ రేవు నుంచి యూ-180 అనే జర్మన్ జలాంతర్గామి బయల్దేరింది. అందులో ఇద్దరు హిందుస్తానీలున్నారు. ఒకాయన సుభాష్ చంద్ర బోస్. ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. రెండో ఆయన మన హైదరాబాదీ, ఆబిద్ హసన్.

ఆబిద్ హసన్ పేరు చెప్తే మన ఊళ్ళోనే చాలామంది ఆబిడ్స్ సెంటరు ఈయన పేరు మీద పెట్టిందేనా అని అడుగుతారు. కాదు, అది ఆరో నిజాం కాలపు ఆబిడ్ అనే వ్యాపారి పేరు. ఈయన 1911లో పుట్టాడు. సబర్మతిలో గాంధీ ఆశ్రమంలో ఉన్నాడు, జైలుకు పోయాడు, తర్వాత ఇంజనీరింగు చదవడానికి జర్మనీ పోయాడు. బెర్లిన్‌లో బోస్ దగ్గర కార్యదర్శిగా చేరాడు. అక్కడ హిందువులు, ముస్లింలు, సిక్కులు కలిసి ఉన్న దళానికి అందరూ అనుకోవడానికి ఒక పలకరింపు కావాల్సొచ్చింది. ఒకరి సలాము ఇంకొకరిది కాదు, ఒకరి నమస్తే ఇంకొకరిది కాదు. అప్పుడు 'జై హింద్' అన్న మాట ఇచ్చింది ఈయనే. స్వతంత్ర భారతం తెచ్చిన మొదటి తపాలా బిళ్ళ 1947 నవంబరు 21న వచ్చింది, దాని మీద జెండాతో పాటు ఈ రెండు మాటలే ఉన్నాయి. జెండాలో ఏ రంగు ఉండాలని వాళ్ళలో వాళ్ళకు గొడవ వస్తే, కాషాయం అడిగినవాళ్ళను గౌరవించి తన పేరు పక్కన సఫ్రానీ అని పెట్టుకున్నాడని కూడా చెప్తారు. స్వాతంత్ర్యం వచ్చాక విదేశాంగ శాఖలో పనిచేశాడు. డెన్మార్క్‌లో మన రాయబారిగా కూడా ఉన్నాడు. అంటే మా బామ్మర్ది ఉన్న ఊళ్ళోనే. 1984లో హైదరాబాదులో చనిపోయాడు.

మా అమ్మాయికి ఇందులో ఒక్క ముక్క కూడా తెలియదు. పాఠంలో లేదు. ఆమెకు తెలిసిన 'జై హింద్' వేరు. అంతకుముందు జనవరి 26న వాళ్ళ బడిలో జెండా ఎగరేశాక వరసలో పక్కనున్న పిల్ల "నువ్వు గట్టిగా అను, మేం వినాలె" అందట. వెనక నిలబడ్డ టీచరు నవ్విందట, ఏమీ అనలేదు. ఆ పిల్ల మంచి పిల్లే, మా ఇంటికి వచ్చి సేమ్యా తిని పోయేదే. అప్పటినుంచి మా అమ్మాయి వరసలో పెదవులు కదుపుతుందట, గొంతు రానివ్వదట. ఇదంతా మాకు చెప్పలేదు, వాళ్ళమ్మకు చెప్పింది. విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా సంగతి వేరు. డెస్కులో ఆగస్టు 15 ప్రత్యేక పేజీ దిద్దుతున్నప్పుడు 'మీ బస్తీలో జెండా ఎగరేస్తారా భాయ్' అని అడిగినోళ్ళని చూశాం, నవ్వి ఊరుకున్నాం. మాకు నలభై దాటాయి, తోలు మందమైంది. ఆమెకు పద్నాలుగేళ్ళు. ఆ మాటను మా ఊరివాడే ఇచ్చాడని, దాన్ని ఆమె ఎవరి దగ్గరా పరీక్ష పెట్టించుకుని సంపాదించాల్సిన పని లేదని చెప్పాలి. ఇంట్లో కూచోబెట్టి చెప్తే ఉపన్యాసమవుతుంది. నీళ్ళ మీద చెప్తే వినొచ్చు.

హాంబుర్గ్ వద్దనడానికి మా దగ్గర గట్టి కారణం కూడా లేదు. 1942 సెప్టెంబరు 11న జన గణ మన జాతీయ గీతంగా మొదటిసారి వాయించింది హాంబుర్గ్‌లోనే, జర్మన్-ఇండియన్ సంఘం ప్రారంభ సభలో. ఆ లెక్కన హాంబుర్గ్ కూడా మన ఊరే. కానీ టైము ఒప్పుకోలేదు. సొంతంగా పోయేవాళ్ళు లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. ఓడ ఆరింటికి కదులుతుంది, ఐదున్నరకు అందరూ ఎక్కి ఉండాలి. ఓడవాళ్ళ టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మన రైలు ఆలస్యమైతే ఆగదు. తర్వాతి రేవుకు మన ఖర్చుతో మనం పోయి ఎక్కాలి. జర్మనీ రైళ్ళు గడియారం చూసి నడుస్తాయన్న పేరు ఇప్పుడు లేదు, ఆలస్యాల మీద వాళ్ళే జోకులేసుకుంటారు. అందుకని ఐదున్నర నుంచి రెండు గంటలు వెనక్కి లెక్కపెట్టి మూడున్నరకే తిరుగు ప్రయాణం మొదలయ్యేట్టు చూసుకోవాలి. పొద్దున ఎనిమిదికి రేవు అన్నారంటే దిగేసరికి తొమ్మిదవుతుంది. హాంబుర్గ్‌కు పోనూ రానూ రెండున్నర గంటలు, స్టేషన్‌కు నడక, బొమ్మ రైళ్ళ దగ్గర క్యూ. ముసలామెతో అయ్యే పని కాదు. బామ్మర్ది కాగితం మీద లెక్క వేసి తనే ఓటు మార్చుకున్నాడు. "దుల్హేభాయ్, మీ జలాంతర్గామికే పోదాం" అన్నాడు. అమ్మాయి ఆ రాత్రి మాతో మాట్లాడలేదు.

కీల్‌లో ఓడలు ఆగే రేవులు ఒకటి కంటే ఎక్కువున్నాయి. ముందు అది కనుక్కోవాలి. మా ఓడ ఆగింది ఓస్ట్‌జేకై, ఊరి నడిబొడ్డునే. అవతలి ఒడ్డు రేవులో ఆగితే ఇదంతా మారిపోతుంది. ఓస్ట్‌జేకై పక్కనే జేగార్టెన్ అనే ఫెర్రీ మెట్టు. ఓడ దిగి సిగరెట్టు కాల్చేంత టైములో అక్కడికి చేరతాం. అక్కడ్నుంచి లాబోకు ఫెర్రీ ఉంది, గంటకు దగ్గర ప్రయాణం. మన సిటీ బస్సులాగే ఊరి రవాణా టిక్కెట్టే దానికీ. గంట గంటకూ ఉంటుందని మాత్రం అనుకోకూడదు. తిరుగు ఫెర్రీల టైములు ముందే రాసుకోవాలి, తప్పితే బస్సు దారి కూడా తెలిసుండాలి. పాస్‌పోర్టులు కొన్ని ఓడల్లో వాళ్ళే తీసి పెట్టుకుంటారు, అట్లాంటప్పుడు జిరాక్సు కాపీ జేబులో ఉండాలి. చిన్న దుకాణాల్లో నోట్లు, నాణేలు అడుగుతారు, కార్డు చూపిస్తే తల అడ్డంగా ఊపుతారు. నీళ్ళ సీసాకు పావు యూరో ఎక్కువ కట్టించుకుంటారు, ఖాళీ సీసా దుకాణంలో మిషనుకు ఇస్తే తిరిగొస్తుంది. అమ్మీకి ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే రోడ్డు మీద దొరికిన సీసాలు కూడా సంచిలో వేయబోయింది.

ఫెర్రీ కదిలాక మా అమ్మాయి రెయిలింగు దగ్గరికి పోయి నిలబడింది. కీల్ సముద్రం మన వైజాగ్ సముద్రంలా ఉండదు. ఊరి లోపలికి చొచ్చుకొచ్చిన సన్నటి పాయ. రెండు ఒడ్లూ కనిపిస్తూనే ఉంటాయి. ఒక ఒడ్డున నౌకల కార్ఖానా, పెద్ద క్రేన్లు, ఇంకో ఒడ్డున చెట్లు, ఇళ్ళు. ఫెర్రీ ఒక్కో మెట్టు దగ్గర ఆగుతుంది, సైకిళ్ళతో జనం ఎక్కుతారు, దిగుతారు. అవతల కీల్ కాలువ తలుపులున్న హోల్టెనావు వస్తుంది. 1895లో తెరిచిన ఆ కాలువ వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ, బాల్టిక్‌ను ఉత్తర సముద్రంతో కలుపుతుంది. 1918 నవంబరులో ఈ కీల్‌లోనే నావికులు తిరగబడ్డారు, ఆ దెబ్బతో కైజరు గద్దె దిగాడు. ఊళ్ళో పాత ఇళ్ళెందుకు లేవని బేగం అడిగింది. రెండో యుద్ధంలో బాంబులు పడ్డాయి, జలాంతర్గాములు కట్టే ఊరు కదా.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాం. ఈ నీళ్ళ మీదే, చలికాలంలో, ప్రయాణం ఎక్కడికో ముందు చెప్పకుండానే ఆ హైదరాబాదీని తెచ్చి ఎక్కించారంటారు. ఎనభై ఏళ్ళ కింద. ఇంగ్లండు చుట్టూ తిప్పి, ఆఫ్రికా కొస దాటించి, ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గర్లో నడిసముద్రంలో రబ్బరు పడవ మీద జపాన్ జలాంతర్గామిలోకి మార్చారు. రెండున్నర నెలలకు పైగా డీజిలు వాసనలో బతికారు. బోస్ చెప్తుంటే ఆబిద్ హసన్ టైపు కొట్టేవాడు. ఎక్కడో బియ్యం, పప్పు సంపాదించి వండి పెట్టేవాడని కూడా చదివాం. అమ్మీ అక్కడ మాత్రం తలెత్తింది. "ఖిచిడీ వండిండా? ఖట్టా చేసిండా?" అని అడిగింది. హైదరాబాదు మనిషికి ఖిచిడీ పక్కన ఖట్టా లేకపోతే అది తిండే కాదు. సముద్రం అడుగున చింతపండు ఎక్కడ దొరుకుతుంది అన్నాడు బామ్మర్ది.

అమ్మాయి ఏమీ అనలేదు. 'జై హింద్' సంగతి చెప్పినప్పుడు మాత్రం ఒకసారి మా మొహంలోకి చూసి, మళ్ళీ నీళ్ళకేసి తిరిగింది.

లాబోలో దిగి తీరం వెంట ఇరవై నిమిషాలకు పైగా నడవాలి. అమ్మీ కోసం రెండుసార్లు కూచున్నాం. ఇసుకలో వరసగా బెత్తు బుట్టల్లాంటి కుర్చీలు, వాటిలో కళ్ళు మూసుకుని ముసలి జర్మన్లు. చివర ఎర్రగా, 72 మీటర్ల ఎత్తున నౌకాదళ స్మారకం. మొదటి యుద్ధంలో చచ్చిపోయిన జర్మన్ నావికుల కోసం 1927లో మొదలుపెట్టి 1936లో పూర్తి చేశారు. అప్పటికి గద్దె మీద ఎవరున్నారో చెప్పక్కర్లేదు. ఇప్పుడు దాన్ని సముద్రంలో ప్రాణాలు పోయిన అన్ని దేశాలవాళ్ళకూ అంటున్నారు. దాని కింద ఇసుక మీద యూ-995 నిలబెట్టి ఉంది. యుద్ధం తర్వాత కొన్నేళ్ళు నార్వే నౌకాదళంలో పనిచేసి, తిరిగొచ్చి, 1972 నుంచి ఇక్కడ మ్యూజియం అయింది. యూ-180 అంతకంటే ఇరవై మీటర్లు పొడుగు. అయినా లోపల ఎంత ఇరుకో తెలుసుకోవడానికి ఇది చాలు.

గుండ్రటి రంధ్రాల్లోంచి వంగి, కాలు ముందు పెట్టి, తల తర్వాత దూర్చి పోవాలి. అమ్మీ బయటే బెంచీ మీద ఉండిపోయింది. లోపల పక్కలు ఒకదాని మీద ఒకటి, పక్కల సందులో టార్పీడోలు. యాభైమందికి దగ్గర మనుషులు, రెండు మరుగుదొడ్లు, అందులో ఒకదాంట్లో ఎప్పుడూ సామాన్లే ఉండేవట. మా అమ్మాయికి అన్నిటికంటే ఇదే ఎక్కువ ఆసక్తి కలిగించింది. నమాజు ఎట్లా చదివేవాడు, ఖిబ్లా ఎటో ఎట్లా తెలుస్తుంది అని అడిగింది. పడవలో దిక్సూచి ఉంటుంది కదా అన్నాం. చదివేవాడో లేదో మాకెట్లా తెలుసు? అది ఆయనకూ అల్లాకూ మధ్య సంగతి.

బయటికొచ్చాక అడగాల్సిన ప్రశ్న అడిగింది. "అబ్బా, ఇది హిట్లర్ పడవ కదా. హిట్లర్ దగ్గరికి పోయినోళ్ళని మనమెందుకు గొప్పగా చెప్పుకోవాలె?"

బామ్మర్ది నవ్వాడు. మేం నవ్వలేదు. ఆ ప్రశ్నను తేలిగ్గా దాటేస్తే ఆ పిల్ల ఇంకెప్పుడూ మమ్మల్ని ఏదీ అడగదు. చెప్పాల్సింది చెప్పాం. వాళ్ళు బెర్లిన్‌లో ఉన్న రోజుల్లోనే యూదుల్ని రైళ్ళలో తోలుకుపోయి చంపుతున్నారు. బోస్ అక్కడి సర్కారుకు అతిథి. ఇంగ్లీషువాణ్ణి తరిమే దారి వెతుక్కుంటూ పోయినవాళ్ళు ఎవరి చెయ్యి పట్టుకున్నారో కళ్ళు మూసుకుని చూడకుండా ఉండలేం. గాంధీ, నెహ్రూ ఆ దారి పట్టలేదు. ఇదంతా నిజం. ఆ మాట ఇచ్చినవాడు ఆబిద్ హసన్ అన్నదీ నిజమే. ఒక నిజం చెప్పడానికి ఇంకో నిజాన్ని దాచాలా?

మాకు తోచింది ఇంకోటి కూడా ఉంది, కానీ అది అమ్మాయితో అనలేదు, ఇక్కడ రాస్తున్నాం. మిగతావాళ్ళ వీరుల్లో లోపముంటే 'ఆ కాలం అట్లాంటిది' అంటారు. మావాళ్ళలో లోపముంటే 'చూశారా' అంటారు. అందుకే మేం మావాళ్ళ పేర్లు బయటికి తీసేముందు ఉతికి, ఇస్త్రీ చేసి, సుగంధం చల్లి తెస్తాం. అష్ఫాఖుల్లా ఖాన్‌ను తెస్తాం, మౌలానా ఆజాద్‌ను తెస్తాం, అబ్దుల్ కలాంను తెస్తాం. పటం కట్టి చూపిస్తాం. ఆ పటాలు చూపించే పని మా తాతలు చేశారు, మేం చేస్తున్నాం. మా పిల్లలైనా చేయకుండా ఉండాలని మాకుంది. ఆబిద్ హసన్ ఇంజనీరింగు మధ్యలో వదిలేసి ఒక నాయకుడి వెంట పోయిన హైదరాబాదు కుర్రాడు. అంతే. మచ్చతో సహా మావాడు, మచ్చతో సహా ఈ దేశపోడు.

ఆకలయింది. లాబో రేవు దగ్గర చేప రొట్టె అమ్ముతారు. హలాల్ గొడవ లేనిది చేపొక్కటే కదా, తీరంలో మనకు అదే దిక్కు. మాట్యెస్ అనేది ఉప్పులో ఊరేసిన హెర్రింగు, నిప్పు చూడదు. అమ్మీ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా ఉల్లిపాయ మాత్రం తిని, మిగతాది అల్లుడి చేతిలో పెట్టింది. వేయించిన చేప కూడా దొరుకుతుంది, అడగాలి.

తిరుగు ఫెర్రీలో మధ్యలో మోల్టెనోర్ట్ అనే మెట్టు దగ్గర దిగాం. ఇది ఓడవాళ్ళ కాగితంలో లేదు. దిగిన చోటుకు దగ్గర్లోనే, ఒక స్తంభం మీద రెక్కలు విప్పిన పెద్ద గద్ద బొమ్మ, కింద వంపు తిరిగిన గోడ. గోడ పొడుగునా కంచు పలకలు. రెండు యుద్ధాల్లో జలాంతర్గాముల్లో పోయిన జర్మన్ నావికుల పేర్లు, రెండో యుద్ధానివే 30 వేలు. పడవ అంకెల వరసలో ఉంటాయి, కాబట్టి వెతకడం కష్టం కాదు. తర్వాతి ఫెర్రీకి ఎంత టైముందో చూసుకుని, అమ్మాయినే వెతకమన్నాం.

దొరికింది. యూ-180. ఆబిద్ హసన్‌ను దింపొచ్చిన మరుసటేడు, 1944 ఆగస్టులో, ఫ్రాన్సు పక్కన బిస్కే అఖాతంలో మునిగిపోయింది. 56 మంది, ఒక్కడు మిగల్లేదు. అందులో ఎంతమంది ముందటేడు ప్రయాణంలో కూడా ఉన్నారో పలక చెప్పదు. అమ్మాయి వేలుపెట్టి ఒక్కో పేరూ చదివింది, సగం పలకలేకపోయింది. ఫొటో తీసుకుంది. అమ్మీ వెనక నిలబడి "వీళ్ళేనా మన పిలగాణ్ణి దాటించింది" అంది. కొందరు వీళ్ళే అయుండొచ్చు అమ్మీ, వీళ్ళు హిట్లర్ ఫౌజు అని బామ్మర్ది చెప్పాడు. ఆమె తల ఊపింది. తర్వాత దుపట్టా సరిచేసుకుని పెదవుల్లో ఏదో చదువుకుంది. ఏం చదివిందో మేం అడగలేదు. చుట్టూ ఎవరూ లేరు. ఒక ముసలాయన కుక్కతో నడుస్తూ మమ్మల్ని చూసి తల వంచి పోయాడు.

నాలుగున్నరకల్లా జేగార్టెన్ మెట్టు మీద ఉన్నాం. లూబెక్ పోలేదన్న దిగులు తీరడానికి బేగం ఊళ్ళో దుకాణంలో మార్జిపాన్ కొనుక్కుంది. బాదం కీ జాలీ ముందు అది నిలవదని తీర్పు చెప్పింది. ఓడ మెట్ల దగ్గర కార్డులు గీసి లోపలికి పంపారు. టూరు బస్సులు ఐదింటికి వచ్చాయి.

ఆ ఏడు ఆగస్టు 15కి బడిలో వ్యాసరచన పోటీ పెట్టారు. మా అమ్మాయి ఆబిద్ హసన్ మీద రాసి, ఆ కంచు పలక ఫొటో అంటించి ఇచ్చింది. హిట్లర్ సంగతి కూడా వదలకుండా రాసింది, మేం చెప్పలేదు. పాఠ్యపుస్తకంలో లేనిది ఎక్కడిదని టీచరు అడిగిందట. ఈ పలక మీద ఆయన పేరు లేదు కదా అందట. 'లేదు మేడం, ఆయన మధ్యలో దిగిపోయాడు' అని చెప్పిందట. బహుమతి రాలేదు. జెండా దగ్గర ఆ రోజు గొంతెత్తిందా లేదా అని మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

వ్యాసం తెలుగులో ఉంది. దాన్ని ఉర్దూలో రాసిమ్మని అమ్మీ అడుగుతోంది, తను చదువుకోవడానికి. సగం అయింది.